ఫోన్ మరమ్మతుకు వెళ్లిన ఆరు రోజులు: క్రమశిక్షణ నాదా, ఫోన్‌దా?

పాతపోస్టాఫీసు_వాసి
గత నెలలో మేడ మీది నీళ్ల ట్యాంకు నిండిందో లేదో చూద్దామని వంగాను. చొక్కా జేబులోని ఫోన్ అందులో పడింది. మరమ్మతు చేసే కుర్రవాడు ఆరు రోజులు గడువడిగాడు. కొత్తది కొనడానికి మనసొప్పక, ఆరు రోజులే కదా అని సరేనన్నాను.

మొదటి రోజు లేచేసరికి ఏడున్నర. మా వీధిలో కుళాయి నీళ్లు ఐదున్నరకు వచ్చి ఆరున్నరకు పోతాయి. రెండో రోజు బీపీ మాత్ర వేసుకున్నానో లేదో గుర్తురాలేదు, మళ్లీ వేసుకోవాలా మానాలా అన్నది తేల్చుకోలేక అరగంట మాత్రల అట్ట చేతిలో పట్టుకుని కూర్చున్నాను. నాలుగో రోజు స్కూటరు టైరు పంక్చరైతే, పక్క దుకాణదారు తన ఫోన్ ఇచ్చి ఇంటికి చెప్పమన్నాడు. నా భార్య నంబరు నాకు నోటికి రాలేదు. మాకు పెళ్లై 19 ఏళ్లు. ఎప్పుడో తీసేసిన మా నాన్నగారి ల్యాండ్‌లైన్ నంబరు మాత్రం తడుముకోకుండా చెప్పగలను.

వేళకు లేస్తానని, బిల్లులు ఆలస్యం చేయనని, మందులు మరవనని బంధువుల్లో నాకు మంచి పేరుంది. ఆ పేరు నాకు రావలసింది కాదని, జేబులో ఉన్న వస్తువుకు రావలసిందని ఆ ఆరు రోజుల్లో తెలిసింది. వయసు 46. ఇప్పుడు వీటిని తిరిగి నా అదుపులోకి తెచ్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? అన్నీ ఒకేసారి మానేయాలా, ఒక్కొక్కటిగానా? ఇలా ప్రయత్నించినవారెవరైనా ఉంటే చెప్పండి.

ఏ_షిఫ్ట్_మాజీ
ఒకేసారి మానేయండి. విశాఖ ఉక్కు కర్మాగారంలో 31 ఏళ్లు పనిచేశాను. పొద్దుటి ‘ఏ’ షిఫ్టుకు ఆరింటికల్లా పనిలో ఉండాలంటే నాలుగున్నరకు లేవాలి, రాత్రి ‘సీ’ షిఫ్టులో అదే ఆరింటికి ఇంటికి బయలుదేరాలి. శరీరానికి పగలేదో రాత్రేదో తెలియని ఉద్యోగమది. అయినా ఒక్కనాడు కూడా ఆలస్యంగా హాజరు వేయించుకోలేదు. చేతిలో ఫోన్ లేదు, మంచం పక్కన అలారం లేదు. లేవాలనుకున్నాం, లేచాం. ఇప్పటివారికి ఆ అనుకోవడమే లేదు.

లాసన్స్‌బే_వాణి
ఏ షిఫ్ట్ గారూ, నాలుగున్నరకు మీరు లేచేసరికి మీ టిఫిన్ క్యారేజీ కట్టి ఉండేదా, లేక దాన్ని కూడా మీరే కట్టుకునేవారా?

ఏ_షిఫ్ట్_మాజీ
కట్టి ఉండేది.

లాసన్స్‌బే_వాణి
అయితే మీ ఇంట్లో అలారం ఉండేదండీ. అది చీర కట్టుకుని ఉండటంతో మీరు గుర్తుపట్టలేదు.

మూడో_కొండ
వాణి గారి మాటకు ఇక్కడ మా కార్యాలయంలో నలుగురం పగలబడి నవ్వుకున్నాం. అయితే అసలు ప్రశ్నతోనే నాకు పేచీ ఉంది. మధురవాడ ఐటీ కొండ మీద పనిచేస్తున్నాను, రోజంతా బుర్ర పెట్టే పనే. కరెంటు బిల్లు ఎప్పుడు కట్టాలో, బీమా ఎప్పుడు తీరుతుందో గుర్తుపెట్టుకోవడం క్రమశిక్షణ ఎలా అవుతుంది? అది గుమాస్తా పని. గుమాస్తా ఉచితంగా దొరుకుతుంటే ఆ పనిని తలకెత్తుకోవడం దేనికి? నా బిల్లులన్నీ ఆటోపేలో ఉన్నాయి, మూడేళ్లుగా ఒక్క రూపాయి అపరాధ రుసుము కట్టలేదు. పాతపోస్టాఫీసు గారికి నా సలహా ఒక్కటే: రెండో ఫోన్ కొనుక్కోండి.

వార్డు_సిస్టర్
మిగతా విషయాల్లో మీరెన్ని ప్రయోగాలైనా చేయండి, మందుల జోలికి మాత్రం పోవద్దు. సొంత జ్ఞాపకశక్తిని పరీక్షించుకోవడానికి బీపీ మాత్ర తగిన వస్తువు కాదు. వేసుకున్నది మరిచి రెండోసారి వేసుకుని, కళ్లు తిరిగి పడి, తలకు కుట్లు వేయించుకోవడానికి వచ్చినవారిని నా ఉద్యోగంలో చూశాను. వేసుకున్నారో లేదో అనుమానం వస్తే మళ్లీ వేసుకోకండి, మీ డాక్టరు గారిని అడగండి.

ఒక్క మాట గమనించండి. అలారం మోగిందంటే మాత్ర వేసుకున్నట్టు కాదు. చాలామంది దాన్ని ఆపి, టీ తాగాక వేసుకుందామనుకుని మరిచిపోతారు. అందుకే ఆదివారం నుంచి శనివారం దాకా ఏడు అరలున్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చుకోమంటాను. మందుల దుకాణంలో దొరుకుతుంది. మంగళవారం అర ఖాళీగా ఉంటే వేసుకున్నట్టు, నిండుగా ఉంటే లేనట్టు. ఆదివారం నాడు మీ చేత్తో మీరే నింపుకోవాలి. అలారం కూడా ఉండనివ్వండి, నష్టమేమీ లేదు.

గ్రూప్స్_అభ్యర్థి
గ్రూప్స్ పరీక్షకు నాది రెండో ప్రయత్నం. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో చదువుకుంటాను. ఫోన్ చూడకుండా ఉండటానికి యాప్‌లకు తాళం వేసే యాప్ ఒకటి పెట్టుకున్నాను. పది రోజులు బ్రహ్మాండంగా సాగింది. పదకొండో రోజు దాన్ని తీసేయడానికి ఎంతసేపు పడుతుందో చూద్దామనిపించింది. పన్నెండు సెకన్లు పట్టింది. తాళం, తాళంచెవి రెండూ నా దగ్గరే ఉంటే ఇక ఆ తాళం ఎవరి కోసమో నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు పొద్దున్నే ఫోన్‌ను మా టీ కొట్టు బాబాయి గల్లాపెట్టెలో పెట్టి వెళుతున్నాను. ఒంటిగంటకు ముందు అడిగితే ఇవ్వవద్దని చెప్పాను. మొదటి వారంలో రెండుసార్లు అబద్ధం చెప్పి తీసుకున్నాను. మూడోసారి ఆయన ‘ఇంట్లో ఎవరికి బాగాలేదు నాన్నా ఇవాళ’ అని అడిగాడు. ఆ తరువాత అడగలేదు.

ఉప్పుగాలి
బాబాయిని ప్లే స్టోర్‌లో పెడితే దింపుకుంటాం.

పోపులపెట్టె
నా అనుభవం డబ్బు గురించి. 2016లో యూపీఐ వచ్చినప్పుడు చిల్లర బాధ తప్పిందని సంబరపడినవారిలో నేనూ ఉన్నాను. తరువాత తెలిసిందేమిటంటే, చిల్లర లేకపోవడం వల్ల మానుకున్న ఖర్చులు నా జీవితంలో చాలా ఉండేవి. ఐదువందల నోటు విడగొట్టాలంటే మనసు ఒక్క క్షణం ఆగేది, ఆ క్షణంలో సగం కొనుగోళ్లు రాలిపోయేవి. పిన్ నొక్కడంలో కొంతైనా ఆగడం ఉండేది. 2022లో యూపీఐ లైట్ వచ్చాక చిన్న మొత్తాలకు ఆ పిన్ కూడా అక్కరలేకపోయింది. ఖర్చును చూపించే యాప్ ఒకటి పెట్టుకుంటే నెలాఖరున రంగురంగుల చక్రం గీసి నా తప్పులన్నీ చూపించేది. అప్పటికి డబ్బు పోయే ఉంటుంది కదా.

ఆరు నెలలుగా ఆదివారం ఉదయం ఎంవీపీ కాలనీ రైతుబజారుకు 600 రూపాయలు నోట్లుగా పట్టుకుని వెళుతున్నాను, ఫోన్ ఇంట్లో పెట్టి. అక్కడ ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి కాబట్టి నడుస్తూనే లెక్క వేసుకోవచ్చు. బెండకాయలు కొన్నాక చేతిలో ఎంత మిగిలిందో చూసుకోవాలి, దాన్ని బట్టే ఆకుకూరలు, దాన్ని బట్టే పండ్లు. మొదటి రెండు వారాలు ఉల్లిపాయలు కొనడం మరిచి, మిగిలిన డబ్బుతో సపోటాలు కొనుక్కుని ఇంటికొచ్చి తిట్లు తిన్నాను. ఇప్పుడు తేడా రావడం లేదు. ఇందులో గొప్ప మనోబలమేమీ లేదు, జేబులో 601వ రూపాయి ఉండదు, అంతే.

ఏ_షిఫ్ట్_మాజీ
పోపులపెట్టె గారు చెప్పినది మా నెల జీతం కవర్ల పద్ధతి. ఇంటద్దెకు ఒకటి, పాలవాడికి ఒకటి, పిల్లల ఫీజులకు ఒకటి. వాణి గారు అడిగేలోపే చెప్పేస్తాను, ఆ కవర్లు విడదీసేది మా ఆవిడే.

లాసన్స్‌బే_వాణి
మీరు త్వరగా నేర్చుకుంటున్నారు.

మూడో_కొండ
నా ఆటోపే గొప్పతనం గురించి పైన రాశాను కాబట్టి దాని రెండో ముఖం కూడా రాయడం న్యాయం. పోపులపెట్టె గారి పోస్టు చదివాక రాత్రి నా జాబితా తెరిచి చూశాను. వెళ్లని వ్యాయామశాలకు, చూడని రెండు వీడియో యాప్‌లకు, మరొక దానికి (అదేమిటో ఇంకా తేలలేదు) 14 నెలలుగా డబ్బు వెళుతోంది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2021 అక్టోబరు నుంచి, ఇలా డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందుగా మనకు తెలియజేయాలి. తెలియజేశారు, ప్రతి నెలా తెలియజేశారు. ఆ సందేశాల శబ్దం విసుగనిపించి నేనే వాటి నోరు నొక్కేశాను. గుమాస్తా నిజాయితీపరుడే, యజమానే నిద్రపోయాడు.

అయినా కరెంటు బిల్లును మళ్లీ నా చేత్తో కట్టే ఉద్దేశం నాకు లేదు. నెలకోసారి జాబితా చూడటం నేర్చుకుంటాను. పాతపోస్టాఫీసు గారు కూడా ఆ రెంటినీ వేరుచేసి చూడాలి: ఎప్పటికీ మారని పనిని అప్పగించవచ్చు, కావాలా వద్దా అని ప్రతిసారీ తేల్చుకోవలసిన పనిని అప్పగించకూడదు.

సింహగిరి_నడక
మా పెదనాన్న గారికి కొడుకు అమెరికా నుంచి చేతి గడియారం పంపాడు. రోజుకు 10,000 అడుగులు. సాయంత్రం 9,200 దగ్గర ఆగిపోతే ఆయన వాలుకుర్చీలో కూర్చుని టీవీ చూస్తూ ఎడమ చేతిని ముందుకూ వెనక్కూ ఊపుతారు. పది నిమిషాల్లో గడియారం బాణసంచా కాల్చి అభినందిస్తుంది. ఆయన ముఖంలో ఆనందం చూడాలి!

ఆ 10,000 అంకె కూడా వైద్యులు తేల్చినది కాదు. 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన అడుగుల లెక్క పరికరానికి ‘పదివేల అడుగుల మీటరు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు, అక్కడి నుంచి అది ప్రపంచమంతా పాకింది. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. అదే పెదనాన్న గారు 61వ ఏట అది పూర్తిచేశారు, చేతికి ఏ గడియారమూ లేకుండా. కొండ దిగువన తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరారు, అప్పూఘర్ దగ్గర సముద్రంలో కాళ్లు తడుపుకున్నారు, కొండ చుట్టూ తిరిగి మళ్లీ పావంచా దగ్గరికి చేరారు. అప్పుడు నడవడానికి ఆయనకొక కారణం ఉంది. ఇప్పుడు అంకె ఉంది.

ఉప్పుగాలి
పెదనాన్న గారి ఎడమ చేయి ఈపాటికి రెండు ప్రదక్షిణలు పూర్తిచేసి ఉంటుంది.

కంచరపాలెం_మెట్టు
ఇంత చర్చ అనవసరం. ఏ పనైనా 21 రోజులు వరుసగా చేస్తే అలవాటవుతుంది. శాస్త్రం చెప్పిన మాట. 21 రోజులు అలారం లేకుండా లేవండి, 22వ రోజు దానంతట అదే వస్తుంది. ఒక్క రోజు తప్పినా మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టుకోవాలి.

గ్రూప్స్_అభ్యర్థి
ఇది నేను చదివాను కాబట్టి చెబుతున్నాను. 21 రోజుల మాట 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ రాసినది. శస్త్రచికిత్స తరువాత తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి రోగులకు ‘కనీసం’ 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. చేతులు మారేసరికి ‘కనీసం’ రాలిపోయింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టినట్టు తేలింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా అంచనా వేశారు. ఒక రోజు తప్పినందువల్ల పెద్ద నష్టం కనబడలేదని కూడా అందులోనే ఉంది. కాబట్టి మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టనక్కరలేదు.

కంచరపాలెం_మెట్టు
254 రోజులని ముందే చెబితే ఎవరూ మొదలుపెట్టరు తమ్ముడూ. 21 అనే అబద్ధం వల్ల కొందరైనా మొదలుపెడతారు.

గ్రూప్స్_అభ్యర్థి
22వ రోజున అలవాటు కాలేదని తమను తామే తిట్టుకుని మానేసేది కూడా ఆ అబద్ధం వల్లనే అన్నయ్యా. మొదటి ప్రయత్నంలో నేను చేసినది అదే.

చెదిరే_మనసు
ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నాకు 29వ ఏట శ్రద్ధాలోపం, అంటే ఏడీహెచ్‌డీ ఉన్నట్టు తేలింది. అంతకు ముందు ఇంట్లో, బడిలో, ఉద్యోగంలో నాకు వేసిన పేరు క్రమశిక్షణ లేనివాడు. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోవడం, పరీక్ష తేదీ మరిచిపోవడం, చెల్లెలి నిశ్చితార్థానికి ఒక రోజు ఆలస్యంగా చేరడం. పట్టుదల లేక కాదు, పట్టుదలతోనే మరిచిపోయేవాణ్ణి. ఇప్పుడు రోజుకు పదకొండు అలారాలు పెట్టుకుంటాను, పాలకు ఒకటి ప్రత్యేకంగా ఉంది. మూడేళ్లుగా పాలు పొంగలేదు.

కళ్లద్దాలు పెట్టుకున్నవాడిని చూసి, చూపులో పట్టుదల లేదని ఎవరూ అనరు. ‘లేవాలనుకున్నాం, లేచాం’ అని ఏ షిఫ్ట్ గారు రాసినది చదివినప్పుడు మా నాన్నగారి గొంతు వినబడింది. అది మీ తప్పు కాదు, చెప్పాలనిపించి చెప్పాను.

ఏ_షిఫ్ట్_మాజీ
బాబూ, ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. నా చిన్నకొడుకుతోనూ అదే మాట చాలాసార్లు అన్నాను. వాడి సంగతి ఇప్పుడు వేరుగా ఆలోచించాల్సి ఉంది.

‘ఒకేసారి మానేయండి’ అన్న నా సలహా గురించి కూడా రాత్రి ఆలోచించాను. అందరం ఒకేసారి మానేసిన సందర్భం మన ఊరికే వచ్చింది. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుపాను. కరెంటు లేదు, టవర్లు లేవు, ఏటీఎంలు పనిచేయలేదు, పెట్రోలు బంకుల దగ్గర మైళ్ల బారులు. మా వీధిలో చీకటి పడగానే అందరూ అరుగుల మీద చేరేవారు, ఎనిమిదింటికి నిద్ర, తెల్లవారుజామున మెలకువ. పిల్లలు అష్టాచెమ్మా ఆడారు. ఇక ఇలాగే బతకాలి, ఎంత హాయిగా ఉందో అని మేమంతా అనుకున్న మాట నిజం. సిగ్నల్ తిరిగొచ్చిన సాయంత్రం మా వీధి వీధంతా మేడలెక్కి ఫోన్లు పైకెత్తి నిలబడింది, నేను కూడా. మరునాటికి అరుగు మీద ఒక్కరూ లేరు. వస్తువు పోయినంత మాత్రాన మనకు అబ్బినదేమీ లేదు. కాబట్టి నా సలహాను కూడా వెనక్కి తీసుకుంటున్నాను. ఈరోజు వెనక్కి తీసుకోవడమే సరిపోయింది.

ఉప్పుగాలి
ఏ షిఫ్ట్ గారికి నా నమస్కారం. ఈ వేదిక మీద ఇంతకు ముందు ఎవరూ ఏదీ వెనక్కి తీసుకోగా చూడలేదు.

పాతపోస్టాఫీసు_వాసి
ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు. అన్నీ చదివాక మూడింటిని ఎంచుకున్నాను. మాత్రల విషయంలో సిస్టర్ గారు చెప్పినట్టే డబ్బా, అలారం రెండూ ఉంటాయి. బిల్లులు మూడో కొండ గారి దారిలోనే. పొద్దున్నే లేవడం, ముఖ్యమైన ఐదు నంబర్లు, ఆదివారం బజారు ఖర్చు, ఈ మూడింటిని నా చేతిలోకి తీసుకుంటాను. కొన్ని వారాల తరువాత వచ్చి ఏమైందో రాస్తాను.

లాసన్స్‌బే_వాణి
లేవడం గురించి ఒక షరతు. అలారం మానేసి ‘కాస్త లేపవే’ అని ఇంట్లో చెబితే అది లెక్కలోకి రాదు.

పాతపోస్టాఫీసు_వాసి
తొమ్మిది వారాలైంది. జరిగినది జరిగినట్టే రాస్తున్నాను.

లేవడం సగమే కుదిరింది. అలారం పూర్తిగా తీసేస్తే రాత్రంతా భయంతో గంటకోసారి మెలకువ వచ్చింది. మూడు రోజుల తరువాత దారి మార్చి, మా అమ్మ వాడిన పాత కీ గడియారాన్ని బాగుచేయించి, హాల్లో బీరువా మీద పెట్టాను. దానికి స్నూజ్ లేదు. లేచి నడిచి వెళ్లి ఆపేసరికి కాళ్లు నేల మీద ఉంటాయి, అప్పటికి కుళాయిలో గాలి చప్పుడు మొదలవుతుంది. ఆ చప్పుడు విన్నాక పడుకోవడం మా పేటలో ఎవరికీ సాధ్యం కాదు. అయిదో వారంలో మూడు రోజులు మోగకముందే మెలకువ వచ్చింది. ఆ తరువాత పెళ్లికని పార్వతీపురం వెళ్లి వచ్చాక మళ్లీ పోయింది. గ్రూప్స్ తమ్ముడు చెప్పిన లెక్క గుర్తుంచుకుని, ఒకటి నుంచి మొదలుపెట్టకుండా ఉన్నచోటి నుంచే కొనసాగిస్తున్నాను.

బజారు ఖర్చు అన్నిటికన్నా తేలికగా కుదిరింది. ఒక్కసారి కొత్తిమీర కొనడానికి చేతిలో పది రూపాయలు తక్కువైతే పోపులపెట్టె గారు గుర్తొచ్చి మానుకున్నాను. ఆ వారం పప్పుచారు గురించి ఇంట్లో అన్న మాటలు ఇక్కడ రాయను.

నంబర్లు మాత్రం చిన్నప్పుడు ఎక్కాలు నేర్చుకున్నట్టు బీచ్ రోడ్డులో, కురుసుర జలాంతర్గామి మ్యూజియం దాకా నడుస్తూ పైకి అనుకుంటూ నేర్చుకున్నాను. ఉదయం వాహనాలు ఉండవు కాబట్టి బతికిపోయాను, లేకపోతే తనలో తాను అంకెలు గొణుక్కునే మనిషిని చూసి ఎవరో ఒకరు ఆటో ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లేవారు. ఐదూ వచ్చాయి. నిన్న కావాలనే ఫోన్ ఇంట్లో వదిలి, ఆ పంక్చరు రోజున సాయం చేసిన దుకాణానికి వెళ్లి, ఆయన ఫోన్ అడిగి, నా భార్య నంబరు తడుముకోకుండా పదంకెలూ నొక్కాను. పూర్తిగా మోగింది. రెండోసారి కూడా మోగింది. తెలియని నంబరు కదా అని ఆవిడ ఎత్తలేదు.

ఉప్పుగాలి
ఆవిడ క్రమశిక్షణకు పదికి పది.

లాసన్స్‌బే_వాణి
చాలా సంతోషం. ఇంతకీ మీ నంబరు ఆవిడకు నోటికి వచ్చా అని అడిగారా?

పాతపోస్టాఫీసు_వాసి
ఇంటికి రాగానే అదే అడిగాను. నాది, పిల్లలిద్దరిది, మా అమ్మది, గ్యాస్ ఏజెన్సీది, బడిది వరుసగా చెప్పింది. ఎప్పుడు నేర్చుకున్నావంటే, ‘ఇన్నేళ్లూ ఈ ఇంటి ఫారాలన్నీ ఎవరు నింపుతున్నారనుకున్నారు’ అంది.